పెద్ద హోదా, చిన్న అనుభవం: కొత్త ఉద్యోగంలో ధమ్మం

నమో బుద్ధాయ! జై భీమ్!

కోరుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న ఉపాసక, ఉపాసికలారా! ముఖ్యంగా నిరుడో ఈ ఏడాదో ఇంజనీరింగ్ పూర్తి చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పాఠం మీ కోసం. మీ అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని వింటే ఇంకా మంచిది. ఎందుకంటే ఇందులో సగం మాటలు వాళ్లకి మీరు చెప్పుకోలేకపోతున్నవే.

ఇంట్లో పండగ, గుండెల్లో దడ

ఒక ఇల్లు అనుకోండి. నాన్న తాపీ పని చేస్తాడు. అమ్మ పొలం పనికి పోతుంది. అబ్బాయి రాజానగరం వైపు కాలేజీ బస్సెక్కి నాలుగేళ్లు చదివాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కొంత, అప్పు కొంత. ఆఖరికి హైదరాబాద్‌లో ఒక చిన్న స్టార్టప్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్ మీద ‘సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని ఉంది. పేటంతా మిఠాయిలు పంచారు. బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేశారు.

మూడు నెలలు తిరిగాక అబ్బాయి ఇంటికొచ్చాడు. తిండి సరిగ్గా తినడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు. అర్ధరాత్రి లేచి ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అమ్మ అడిగితే "ఏం లేదమ్మా, పని ఎక్కువ" అంటాడు. కానీ లోపల మాట వేరే ఉంది: "నాకు పని రాదు. నేను సీనియర్ని కాదు. ఏదో ఒక రోజు వీళ్లకి తెలిసిపోతుంది."

ఈ అబ్బాయి స్థానంలో మీరున్నారా? అయితే ముందు ఒక్క మాట వినండి. మీకు కలిగిన భయం మీ చేతగానితనం కాదు. అది దుఃఖం. బుద్ధుడు దుఃఖాన్ని చూసి సిగ్గుపడమనలేదు. దాన్ని తెలుసుకోమన్నాడు, దాని కారణాన్ని వెతకమన్నాడు, అది పోతుందని చెప్పాడు, పోయే దారి చూపించాడు. ఈ పాఠంలో మనం కూడా ఆ వరసలోనే నడుద్దాం.

కారణం ఎక్కడుంది?

పెద్ద కంపెనీల్లో ‘సీనియర్’ అనే మాట రావడానికి మామూలుగా కొన్నేళ్లు పడుతుంది. ఈలోగా మనిషి రెండు మూడు ప్రాజెక్టులు మొదటి నుంచి చివరి దాకా చూస్తాడు. తను రాసిన కోడ్ తన చేతిలోనే పాడవడం, దాన్ని తనే బాగుచెయ్యడం జరుగుతుంది. స్టార్టప్‌లో అలా కాదు. ఉన్నది ఎనిమిది మందో పది మందో. పెద్ద జీతం ఇచ్చి అనుభవం ఉన్నవాళ్లని తెచ్చుకునే డబ్బు ఉండదు. కాబట్టి జీతం బదులు పేరు ఇస్తారు. క్లయింటుకి చెప్పుకోవడానికి ఒక ‘సీనియర్’ కావాలి. ఆ కుర్చీలో మీరు కూర్చున్నారు. ఇందులో మోసం ఉండాలనేమీ లేదు. అవసరం ఉంది. కానీ ఆ అవసరం బరువంతా మీ భుజాల మీద పడింది.

కారణాల్లో ఇది మొదటిది. ఇది మీ మనసులో లేదు, ఆఫీసు కట్టుబడిలో ఉంది.

రెండో కారణం మనసులో ఉంది. పేరు మీద ఆశ, పేరు పోతుందన్న భయం. ‘సీనియర్’ అన్న మాట విన్నాక దాన్ని వదులుకోబుద్ధి కాదు. "ఇది నాకు తెలియదు" అంటే పేరు పోతుందని నోరు మూసుకుంటాం. తెలియని పనిని తెలిసినట్టు ఒప్పుకుంటాం. రాత్రంతా కూర్చుని తంటాలు పడతాం. ఇదే తణ్హ. ధమ్మం దీన్నే గట్టిగా పట్టుకుని చూడమంటుంది.

మూడో కారణం గురించి చాలామంది మాట్లాడరు. మనం మాట్లాడాలి. 1978లో అమెరికాలో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బాగా చదువుకుని పైకొచ్చిన స్త్రీలలో ఒక భావనని గమనించి రాశారు. ‘నాకు అర్హత లేదు, అందరినీ మభ్యపెడుతున్నాను’ అని వాళ్లు లోపల్లోపల కుమిలిపోతుండేవాళ్లు. చేసిన పని ఎంత బాగున్నా ఆ భావన పోయేది కాదు. ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. చిన్నప్పటి నుంచి ‘కోటా సీటు’, ‘మెరిట్ లేదు’ అన్న మాటలు చెవినపడుతూ పెరిగారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మావయ్య లేడు, బాబాయి లేడు. సందేహం వస్తే ఫోన్ చేసి అడగడానికి ఒక్క మనిషి లేడు. పక్క సీటువాడికి అలాంటివాళ్లు నలుగురుంటారు. పక్క సీటువాడికి తెలివి ఎక్కువ కాదు, ఫోన్ నంబర్లు ఎక్కువ.

బాబాసాహెబ్ మనకిచ్చిన బౌద్ధం దుఃఖానికి కారణాన్ని మనిషి లోపలే వెతికి ఊరుకోదు. సమాజంలో కూడా వెతుకుతుంది. అందుకే మీ భయమంతా మీ తప్పేనని ఎవరన్నా ఒప్పుకోకండి. అలాగని మీరు చెయ్యాల్సిందేమీ లేదని కూడా అనుకోకండి. రెండూ చూడాలి.

ఉపసేనుడి కథ: ఒక్క ఏడాదికే గురువైపోతే?

వినయపిటకంలో మహావగ్గ అనే భాగం ఉంది. అందులో ఒక సంఘటన ఉంది. సరిగ్గా మన విషయమే.

సారిపుత్తుడి తమ్ముడు ఉపసేన వంగంతపుత్తుడు. భిక్ఖువై ఒక్క సంవత్సరమే అయింది. అప్పుడే ఇంకొకరికి ఉపసంపద ఇచ్చి శిష్యుణ్ణి చేసుకున్నాడు. వస్సావాసం ముగిశాక, తనకి రెండేళ్లు, శిష్యుడికి ఒక ఏడు అయ్యాక, ఇద్దరూ బుద్ధుణ్ణి చూడటానికి వెళ్లారు. బుద్ధుడు ఇద్దరినీ ఎన్నేళ్లయిందని అడిగాడు. జవాబు విని గట్టిగా మందలించాడు. ఇంకొకరి దగ్గర నేర్చుకోవాల్సినవాడివి, నువ్వే ఇంకొకరికి నేర్పుతానని ఎలా అనుకున్నావన్నది ఆ మందలింపు సారం. ఆ తర్వాత నియమం వచ్చింది: పదేళ్లు నిండనివాళ్లు ఉపజ్ఝాయులు కాకూడదు.

కథ అక్కడితో ఆగలేదు. పదేళ్లు నిండాయి కదా అని తెలివిలేనివాళ్లు కూడా గురువులవడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో మాట చేర్చాల్సి వచ్చింది: పదేళ్లు నిండటమే కాదు, సామర్థ్యం కూడా ఉండాలి. అంటే పేరొక్కటే చాలదు, ఏళ్లొక్కటే చాలవు.

దీనితో పాటు ‘నిస్సయ’ అనే పద్ధతి వచ్చింది. నిస్సయ అంటే ఆసరా. కొత్త భిక్ఖువు ఎంత సమర్థుడైనా అయిదేళ్లు ఒక ఆచరియుడి ఆసరాలో ఉండాలి. సమర్థుడు కాకపోతే ఎన్నేళ్లయినా సరే ఆసరాలోనే ఉండాలి. గురువు శిష్యుడికి చదువు చెప్పాలి, జబ్బు చేస్తే సేవ చెయ్యాలి. శిష్యుడు గురువుకీ అంతే చెయ్యాలి. ఇది పెత్తనం కాదు, ఇద్దరి బాధ్యత.

మన గోదావరి జిల్లాల్లో ఈ పద్ధతి నడిచిన చోట్లున్నాయి. కోరుకొండ పక్కనే కాపవరం కొండ మీద బౌద్ధ గుహలున్నాయి. కోనసీమలో ఆదుర్రు స్తూపం ఉంది. పిఠాపురం దగ్గర కొడవలి ఉంది. గుంటుపల్లి కొండలో రాతిని తొలిచి కట్టిన భిక్ఖువుల గదులు నేటికీ నిలిచి ఉన్నాయి. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. ఒక్కో గది ఒక్క మనిషికి సరిపోయేంత. కానీ ఏ గదీ ఒంటరిగా లేదు, పక్కన ఇంకోటి ఉంది. సాధన ఎవరిది వాళ్లదే, ఆసరా మాత్రం పక్కనే.

ఇప్పుడు మీ సంగతికి రండి. ‘సీనియర్’ అన్న పేరు మీకిచ్చారు. కానీ మీకు నిస్సయ ఎవరూ ఇవ్వలేదు. మీ జబ్బు అది. మందు ఏంటంటే, ఆ ఆసరాని మీరే వెతుక్కోవాలి. ఎలాగో చెబుతాను.

ఒకటి, ఆఫీసులో మిమ్మల్ని చేర్చుకున్నాయన్ని సూటిగా అడగండి: "నా కోడ్ చూసి తప్పులు చెప్పే అనుభవస్థుడు వారానికి రెండు గంటలైనా కావాలండి. కంపెనీలో లేకపోతే బయటి నుంచి పెట్టండి." ఇది అడుక్కోవడం కాదు. కంపెనీకి మేలు చేసే మాట.

రెండు, మీ కాలేజీలో మీకంటే అయిదారేళ్లు ముందు చదివిన మనవాళ్లని వెతకండి. ఫోన్ చేసి "అన్నా, జై భీమ్. వారానికి ఒక అరగంట ఇస్తారా?" అని అడగండి. చాలామంది ఇస్తారు. వాళ్లని అలా అడిగినవాళ్లు లేరంతే.

మూడు, అందరికీ తెరిచి ఉంచిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చిన్న చిన్న దిద్దుబాట్లు పంపండి. మీ ఊరేదో, ఇంటిపేరేదో అడక్కుండా మీ కోడ్ ఒక్కటే చూసి తప్పు చెప్పే అనుభవస్థులు అక్కడ దొరుకుతారు.

ఉపసేనుడు ఆ మందలింపుతో కుంగిపోలేదు. శిష్యుల విషయంలో మాటపడ్డవాడు ఆ శిష్యుల విషయంలోనే మెప్పు పొందే దాకా సాధన చేశాడని అట్ఠకథలు చెబుతాయి. అందరికీ అన్ని విధాలా ప్రీతి కలిగించేవాళ్లలో అగ్రగణ్యుడని తర్వాత బుద్ధుడే అతణ్ణి ప్రశంసించాడు. తొందరపడి ముందే కుర్చీ ఎక్కినవాడు కూడా తర్వాత ఆ కుర్చీకి తగినవాడు కావచ్చు.

బరోడా: హోదా ఉంది, మంచినీళ్లు లేవు

పెద్ద చదువు ముగించుకుని వచ్చీరాగానే పెద్ద ఉద్యోగంలో చేరిన ఇంకొకాయన కథ మీకు తెలుసు. అయినా ఈ కోణంలో మళ్లీ వినండి.

1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు. 1916లో లండన్ చేరారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగొచ్చి, ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయన వయసు 26. ఆ ఆఫీసులో అంత చదువున్నవాళ్లు ఎవరున్నారు? కానీ బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీద విసిరేవాళ్లు. తాగడానికి నీళ్లు ఇచ్చేవాళ్లు కారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆయన ఒక తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకుని, ఆ రాత్రి బొంబాయి రైలెక్కారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సినవి మూడున్నాయి. మొదటిది, హోదా ఇచ్చినంత మాత్రాన గౌరవం ఇచ్చినట్టు కాదు. రెండోది, వెళ్లిపోవడం ఓటమి కాదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆయన అక్కడితో ఆగలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి డబ్బు కూడబెట్టారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. పట్టా అందుకున్నారు. బారిస్టరూ అయ్యారు. ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్న మనిషి దాన్ని వదిలిపెట్టి మళ్లీ విద్యార్థి బల్ల మీద కూర్చున్నారు. మనకి ‘సీనియర్’ పేరొచ్చాక ఒక పుస్తకం తెరవడానికి నామోషీ అయితే, ఆయన ఫొటో గోడకి ఎందుకు పెట్టుకున్నట్టు?

ఇంకో మాట. ఆఫీసులో ఇంటిపేరు అడిగి, ఏం తింటావో అడిగి, రిజర్వేషన్ మీద జోకులు వేసి మిమ్మల్ని కొలిచేవాళ్లు కనబడవచ్చు. అది మీ ఊహ అని ఎవరైనా అంటే, అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలకి పేరున్న సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసిందని చెప్పండి. లేనిదాని మీద ఎవరూ చట్టం చెయ్యరు. అలాంటి మాటలు ఎదురైతే తేదీ, సమయం, ఎవరున్నారు అన్నది రాసి పెట్టుకోండి. ఒంటరిగా గొడవకి దిగకండి. ముందు నమ్మకమైన నలుగురికి చెప్పండి. సంఘం శరణం అంటే అర్థం అదే.

రాహులుడి అద్దం: పని చేసే పద్ధతి

ఇప్పుడు రోజువారీ పనికొద్దాం. మజ్ఝిమనికాయంలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన ఉపదేశం ఒకటుంది. అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ఏ పనినైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోవాలని బుద్ధుడు చెప్పాడు. దీనివల్ల నాకు గానీ ఇంకొకరికి గానీ హాని ఉందా? ఉందని ముందే తెలిస్తే చెయ్యొద్దు. మధ్యలో తెలిస్తే ఆపెయ్. చేశాక తెలిస్తే గురువుకో, తెలిసిన సహచరుడికో దాచకుండా చెప్పి, మళ్లీ జరగకుండా చూసుకో.

సాఫ్ట్‌వేర్ పనికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. చెయ్యబోయే ముందు: ఈ మార్పు ఎవరి డేటాని తాకుతుంది? బ్యాకప్ ఉందా? ఆ బ్యాకప్‌ని తిరిగి తెచ్చి ఎప్పుడైనా చూశామా? తప్పైతే వెనక్కి వెళ్లే దారేంటి? చేస్తున్నప్పుడు: నేను ఏ సర్వర్ మీద ఉన్నాను, ట్రయల్ దాని మీదా, జనం వాడుతున్న దాని మీదా? చేశాక: లాగ్స్ చూశానా? ఏం చేశానో నాలుగు లైన్లు రాసి పెట్టానా?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పేరున్న కంపెనీలో ఏం జరిగిందో చూడండి. పొద్దుపోయే దాకా ఒక సమస్యతో కుస్తీ పడుతున్న అనుభవజ్ఞుడైన ఇంజనీరు, ఒక సర్వర్ మీద ఇవ్వాల్సిన డిలీట్ కమాండ్‌ని పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీద ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో తప్పు తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీ డేటా పోయింది. సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని చూస్తే, పెట్టుకున్న పద్ధతుల్లో ఏదీ సరిగ్గా పనిచెయ్యడం లేదని అప్పుడు తెలిసింది. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

తర్వాత ఆ కంపెనీ ఏం చేసిందో చూడండి. దాచలేదు. బాగుచేసే పనిని జనం చూస్తుండగా ప్రత్యక్ష ప్రసారంలో చేసింది. ఏం జరిగిందో పూర్తిగా రాసి అందరి ముందూ పెట్టింది. ఆ నివేదికలో ఆ ఇంజనీరు పేరు లేదు, ‘టీమ్ సభ్యుడు ఒకటి’ అని మాత్రమే ఉంది. తప్పు మనిషి మీదకి నెట్టకుండా, పద్ధతిలో లోపం ఎక్కడుందో వెతికారు.

కాబట్టి అనుభవజ్ఞుల వల్ల తప్పులు జరగవనుకోకండి. తప్పు జరిగిన అయిదో నిమిషంలో చెప్పేవాడే నిజమైన సీనియర్. అయిదు గంటలు దాచినవాడికి ఎన్నేళ్ల సర్వీసు ఉన్నా జూనియరే.

ఇంకో పద్ధతి కూడా మన సంఘం నుంచి తీసుకోండి. వస్సావాసం ముగిసిన రోజు ‘పవారణ’ జరుగుతుంది. ప్రతి భిక్ఖువూ సంఘం ముందు, నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పులేమైనా ఉంటే దయతో చెప్పండని అడుగుతాడు. ముందుగా అడిగేది అందరికంటే పెద్ద భిక్ఖువు. గమనించారా? సీనియర్ ముందు అడుగుతాడు. మీ టీములో కోడ్ రివ్యూ పెడితే మొదట మీ కోడ్ పెట్టండి. "ఇందులో తప్పులు పట్టండి" అని మీకంటే చిన్నవాళ్లని అడగండి. భయం సగం అక్కడే పోతుంది. ఎందుకంటే బయటపడుతుందేమోనన్న భయం, మనమే బయటపెట్టాక ఉండటానికి చోటు లేదు.

నాలుగో శీలం: "నాకు తెలియదు" అన్న మాట

రాహులుడికి చేసిన ఆ ఉపదేశం అబద్ధం గురించే మొదలవుతుంది. పంచశీలలో నాలుగోది కూడా అదే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అబద్ధమాడనన్న మాట ఉంది.

లేని అనుభవం ఉన్నట్టు రెజ్యూమెలో రాయించుకునే పద్ధతి హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. "అందరూ చేస్తున్నారు" అంటారు. మీరు చెయ్యకండి. పట్టుబడితే ఉద్యోగం పోతుందన్నది చిన్న కారణం. పెద్ద కారణం, ఆ అబద్ధాన్ని రోజూ మొయ్యాలి. మీకు కంపెనీ ఇచ్చిన పేరు అబద్ధం కాదు, దాన్ని రాసుకోవచ్చు. కానీ రేపు ఇంకో ఇంటర్వ్యూలో "ఎన్నేళ్ల అనుభవం?" అంటే "ఏడాదిన్నర అండి. చిన్న కంపెనీ కాబట్టి ఆ పేరిచ్చారు. నేను చేసిన పనులివి" అని చెప్పండి. అప్పుడు మిమ్మల్ని ఎవరూ బయటపెట్టలేరు.

"తెలియదు" అనడానికి కూడా ఒక తీరుంది. ఊరికే "నాకు తెలియదు" అని ఊరుకుంటే పని ఆగుతుంది. "ఇది ఇంతవరకూ చెయ్యలేదండి. రేపు సాయంత్రం దాకా చదివి, ఎన్ని రోజులు పడుతుందో చెబుతాను" అనండి. మొదటి వాక్యంలో నిజం ఉంది, రెండో దాంట్లో బాధ్యత ఉంది. ఇంగ్లీషులో అనాల్సి వస్తే ముందే కాగితం మీద రాసుకుని రెండుసార్లు చదువుకోండి. అందులో నామోషీ లేదు.

అమ్మానాన్నలకి కూడా నిజం చెప్పండి. "ఉద్యోగం బాగానే ఉంది, కానీ బరువుగా ఉంది. నేర్చుకుంటున్నాను" అంటే వాళ్లు కుప్పకూలిపోరు. ఎండలో ఇటుకలు మోసినవాళ్లకి బరువంటే ఏంటో మీకంటే బాగా తెలుసు.

సోణుడి వీణ: ఎంత పని చెయ్యాలి?

సోణ కోళివిసుడు చంపానగరంలో ఐశ్వర్యంలో పుట్టి సుకుమారంగా పెరిగినవాడు. భిక్ఖువయ్యాక ఎంత పట్టుదలగా సాధన చేశాడంటే, నడిచి నడిచి పాదాలు నెత్తురోడాయి. అయినా ఫలం లేదని విసిగి ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు వచ్చి, నువ్వు వీణ వాయించేవాడివి కదా అని గుర్తుచేశాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదిలేసినా పలకదు. సమంగా ఉంటేనే పలుకుతుంది. ప్రయత్నం కూడా అంతే. అదే సమ్మా వాయామం.

స్టార్టప్‌లో తీగ ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. ‘మనదంతా ఒక కుటుంబం’ అంటారు, రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తారు. ఏదో ఒక వారం క్లయింటు పని మీద పడితే చెయ్యండి. నెలల తరబడి అదే నడిస్తే అది ప్రయత్నం కాదు, నెత్తురోడుతున్న పాదం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని అన్న హద్దు 1946 సవరణతో వచ్చింది. ఆయన మనుషులమని చెప్పుకుంటూ మన ఒంటిని మనమే హద్దు లేకుండా పిండుకోవడం తగదు.

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు యజమానికి అయిదు బాధ్యతలు చెప్పాడు: శక్తిని బట్టి పని ఇవ్వడం, తిండి, కూలి ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి పదార్థం దొరికితే పంచుకోవడం, సమయానికి సెలవివ్వడం. పనివాడికి కూడా అయిదు చెప్పాడు: యజమాని కంటే ముందు లేవడం, తర్వాత పడుకోవడం, ఇచ్చినదే తీసుకోవడం, పని బాగా చెయ్యడం, మంచి పేరు తేవడం. కొందరు రెండో అయిదింటినే గుర్తుపెట్టుకుంటారు. సుత్తంలో యజమాని బాధ్యతలే ముందున్నాయి. అందులో మొట్టమొదటిది శక్తిని బట్టి పని.

కాగితాల సంగతి కూడా వినండి. చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోండి. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట ప్రావిడెంట్ ఫండ్ ఉండాలి, మీ ఖాతాలో జమ అవుతోందో లేదో మీరే చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించకండి. బాండ్ మీద సంతకం పెట్టే ముందు తెలిసిన లాయరుకి చూపించండి. జీతం బదులు షేర్లు ఇస్తామంటే, ఎప్పుడిస్తారు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్నది రాతలో అడగండి. మాటని నమ్మి ఇంటి అప్పు నెత్తిన పెట్టుకోకండి.

ఎప్పుడు వదిలెయ్యాలి?

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆరు నెలల కిందటి కంటే ఇప్పుడు నాకు ఎక్కువ పని వచ్చా? అడిగితే నేర్పేవాళ్లు, తప్పు చెబితే వినేవాళ్లు ఉన్నారా? నిద్ర, తిండి నిలబడుతున్నాయా? మూడింటికీ ‘లేదు’ అన్న జవాబే వస్తుంటే ఇంకో ఉద్యోగం వెతకండి. కొత్త చోట ‘సీనియర్’ అన్న మాట పోయి ‘జూనియర్’ అని వచ్చినా, నేర్పేవాళ్లుంటే అదే మంచిది. చేతిలో ఇంకోటి ఉన్నాకే ఇది వదలండి, ఇంటి పరిస్థితి మనకి తెలుసు కదా. కానీ ఒంటికి, ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఆ లెక్క కూడా చూడకండి. వెంటనే ఇంటికి వచ్చెయ్యండి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఒక్క రాత్రి కూడా గడపకండి. అమ్మకో, స్నేహితుడికో, విహారంలో పెద్దలకో చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ "వచ్చేస్తా" అంటే ముందు "రా" అనండి. అప్పు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

రేపు మీరే ఆసరా

రెండేళ్లు గడుస్తాయి. మీకు పని వస్తుంది. అప్పుడు కోరుకొండ నుంచో గోకవరం నుంచో ఒక చెల్లి ఫోన్ చేస్తుంది: "అన్నా, నన్ను సీనియర్ అన్నారు, నాకేమీ రాదు." ఆ రోజు ఆ ఫోన్ ఎత్తండి. మీకు దొరకని నిస్సయ ఆమెకి మీరవ్వండి. నెలకి ఒక ఆదివారం విహారంలో కూర్చుని పిల్లలకి మీ పని ఎలా ఉంటుందో చెప్పండి. గెలిచిన కథలే కాదు, పాడు చేసిన కోడ్ కథలు కూడా చెప్పండి. బాబాసాహెబ్ చెప్పిన ‘చదువు’ మొదటి మెట్టు మీరెక్కారు. ‘సంఘటితం’ అన్న మెట్టు ఇలా ఫోన్ ఎత్తడంతో మొదలవుతుంది.

ఈ వారం ఆచరించండి

1. రోజూ పొద్దున్నే పది నిమిషాలు కదలకుండా కూర్చుని శ్వాసని గమనించండి. ల్యాప్‌టాప్ దాని తర్వాతే తెరవండి.

2. ఒక నోటు పుస్తకంలో రోజూ మూడు లైన్లు రాయండి: ఈ రోజు ఏం నేర్చుకున్నాను, ఎక్కడ తప్పు చేశాను, ఎవరిని అడిగాను. మూడో లైను వరసగా వారం ఖాళీగా ఉంటే ప్రమాదం అక్కడుంది.

3. ఈ వారం ఆఫీసులో ఒక్కసారైనా "ఇది నాకు తెలియదు, నేర్చుకుని చెబుతాను" అని అనండి.

విహారంలో చర్చించండి

1. ఉపసేనుణ్ణి బుద్ధుడు ఎందుకు మందలించాడు? ఆ మందలింపు అతనికి మేలు చేసిందా?

2. మన పేటలో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఎంతమంది? కొత్తగా చేరినవాళ్లకి వాళ్లని ఎలా కలపవచ్చు?

3. పిల్లల జీతం, హోదా తప్ప వాళ్ల నిద్ర గురించి మనం చివరిసారి ఎప్పుడు అడిగాం?

నమో బుద్ధాయ! జై భీమ్!